చిన్నమ్మ పుట్టిన పేట

పోయిన నెల ఒక కుర్రవాడు నీలం నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. షోలాపూర్ తెలుగువాళ్ళ మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారట. చిన్ననాటి సంగతులు నాలుగు పేజీలు రాసివ్వమని అంతకుముందే అడిగితే, నేను మా చిన్నమ్మ గురించి రాసిచ్చాను. ఆ కాగితాలనే తిరిగి పట్టుకొచ్చాడు. చాలా బాగుందన్నాడు. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయన్నాడు. ఒక్క మాట మాత్రం మార్చాలన్నాడు. ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. "ఈడ ఉత్త బొంబాయి అని పెడ్దాం అవ్వా. పేట పేరెందుకు? ఆడపిల్లల చేతులకు గూడ పోతది గద ఈ పుస్తకం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను కాగితాలు తీసుకుని, చాయ్ తాగించి పంపేశాను. నాకు ఎనభై దాటాయి. ఎవరి సంచికలోనో చోటు దొరకకపోతే నాకు వచ్చే నష్టం లేదు. ఆ మాట కామాఠీపురా. మా చిన్నమ్మ అక్కడ పుట్టింది. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు కనక, ఎన్నిసార్లు రాయాల్సి వస్తే అన్నిసార్లు రాస్తాను.

అప్పట్లో మేం జోడ్‌భావి పేట్‌లో ఉండేవాళ్ళం. దాన్ని ఇల్లు అనేకన్నా మగ్గాల కొట్టం అంటేనే సరిగ్గా ఉంటుంది. ముందుగదిలో నేల తవ్వి దించిన గుంట మగ్గాలు, వాటి వెనక పొయ్యి, పొయ్యి వెనక దొడ్డి. మగ్గాలకు పోగా మిగిలిన జాగాలో మేం తినేవాళ్ళం, పడుకునేవాళ్ళం, పుట్టేవాళ్ళం కూడా. పొద్దున కళ్ళు తెరవకముందే గంజి వాసన తగిలేది. మగవాళ్ళు పడుగును గల్లీ పొడుగునా చాచి కట్టి, కుచ్చెతో గంజి రాసేవాళ్ళు. ఎండెక్కేలోపు అది అయిపోవాలి, కాబట్టి ఆ వేళ గల్లీలో పిల్లలు పరుగెత్తకూడదు, ఆవులు రాకూడదు, ఎవరూ తుమ్మకూడదు అన్నంత కట్టుదిట్టం. మిల్లు భోంగా, అంటే సైరన్, కూయగానే ఆ కూతకు పోటీగా మా గల్లీలో మగ్గాలు మొదలయ్యేవి. ఆ చప్పుడుకు అలవాటు పడిపోయి, పండుగ రోజు మగ్గాలు ఆగితే నాకు చెవుల్లో ఏదో పోయినట్టుండేది. ఆడవాళ్ళం రాట్నాల ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. జొన్నరొట్టె, పల్లికారం కూడా ఆ రాట్నాల పక్కనే తినేవాళ్ళం.

ఇంటికి పెద్ద మా బాపమ్మ, అంటే నాయిన తల్లి. తాత పోయాక ఇద్దరు కొడుకులనూ ఒక్క కూతురినీ మగ్గం మీదే పైకి తెచ్చిన మనిషి. చెంపలో పొగాకు, చేతిలో నూలు లేకుండా ఆమెను చూసిన గుర్తు లేదు. పడుగుకు పట్టిన గంజి సరిపోయిందో లేదో చూడాలంటే దారాన్ని చెంపకు ఆనించుకునేది. "ఇంకొంచెం" అంటే ఇంకొంచెమే. ఆమె మాటకు ఎదురు లేదు. ఎదురు చెప్పాలని ఎవరికీ తోచేది కూడా కాదు, మా చిన్నమ్మ వచ్చేదాకా.

చిన్నమ్మ పేరు అంబుబాయి. మగ్గాలు సరిగా నడవని ఒక ఏడు మా చిన్నాయన బొంబాయి వెళ్ళి మిల్లులో పనిచేశాడు. అక్కడ ఒక పెద్దమనిషి తన గదిలో చోటిచ్చి, తర్వాత కూతురినిచ్చాడు. ఆయన మల్లయ్య తాత. వాళ్ళూ సాలెవాళ్ళే, షోలాపూర్ రాకముందటి మా పాత ఊరి వైపువాళ్ళే. కరువులో మగ్గం పోయి, కూలికోసం బొంబాయి పోయి, తట్ట మోసి బతికారు. చిన్నమ్మ మా ఇంటికి వచ్చేసరికి నాకు ముందుపళ్ళు ఊడి ఉన్నాయి. ఆమె తెలుగు మా తెలుగే, కాని మధ్యలో బొంబాయి హిందీ గల్లుగల్లుమనేది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు. అందుకే మొదటి వారంలోనే బాపమ్మ ఆమెకు చీవాట్లు పెట్టింది.

ఆమె కండెలు చుట్టుతూ చెప్పే కబుర్ల కోసం పక్కిళ్ళ ఆడవాళ్ళు తమ రాట్నాలు కూడా మా ఇంటికే తెచ్చుకునేవాళ్ళు. నీళ్ళకు కటకటలాడే షోలాపూర్‌లో పుట్టిన మాకు సముద్రం అంటే ఒట్టి మాట. ఆమెకు అది పక్కింటి మనిషి.

"సముద్రం రోజుకు రెండుమార్లు ఎనకకు పోతది. పడవలన్ని బురదల కూలవడ్తయి. మల్ల నీళ్ళొచ్చి లేపుతయి" అనేది.

"ఏడికి పోతదే?"

"ఏడికో! నాకేమన్న చెప్పి పోతదా?"

రేవులో ఓడలు కూడా అలా బురదలో కూర్చుంటే మునిగినంత పని కనక, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే పెద్ద పెద్ద తలుపులు మూసేసి లోపలి నీటిని బంధిస్తారని చెప్పింది. నీళ్ళకు తలుపులేమిటని ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులట. మధ్యలో ఉన్న సముద్రాన్ని రాళ్ళతో మన్నుతో పూడ్చి ఒక్క ఊరు చేశారట. చుట్టూ అన్ని నీళ్ళున్నా తాగడానికి చుక్క పనికిరాదు, ఎక్కడో కొండల్లోని చెరువుల నుంచి గొట్టాల్లో రావాల్సిందేనట. నూలి పున్నం నాడు మా మగవాళ్ళు జంధ్యాలు మార్చుకునే వేళకే, అక్కడ చేపలు పట్టే కోలీవాళ్ళు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి పడవలు దించుతారట. మేం చుట్టే సన్న నూలు చూపించి, "గిది ఏడికెళ్ళి వచ్చిందనుకున్నరు? ఓడల వచ్చింది. మన దేశం పత్తి మూటలు ఆ రేవులనే ఎక్కుతయి, నూలై మల్ల ఆడనే దిగుతయి. రంగు డబ్బాలు గూడ" అంది. అప్పటిదాకా ఆ నూలు దుకాణంలో పుడుతుందనుకునేదాన్ని. ఆ రోజు కండె చేతిలో పట్టుకుని వాసన చూశాను, ఉప్పు వాసన వస్తుందేమోనని.

బాపమ్మ మాత్రం ఒక్కటీ నమ్మేది కాదు. "నీళ్ళు ఎనకకు పోవుడేంది? కల్లు తాగినోడు చెప్పిన ముచ్చట" అని తీసిపారేసేది. కోతలు కోసే మనిషన్న అర్థంలో గల్లీవాళ్ళు చిన్నమ్మకు గప్పాల అంబు అని పేరు పెట్టారు. ఆమె పట్టించుకోలేదు. గప్పాలు అనుకునైనా వినండి అనేది.

బాపమ్మకు అసలు కంటగింపు సముద్రం కాదు. బొంబాయికి బట్ట అమ్ముకోను పోయివచ్చే ఒక దుకాణదారు, కామాఠీపురా అంటే ఏమనుకుంటారో ఆమె చెవిలో వేశాడు. ఆ రోజు బాపమ్మ ఇంటికి వచ్చి చిన్నమ్మను దొడ్లోకి పిలిచి, ఇకమీదట ఎవరడిగినా బొంబాయి అనాలనీ, గట్టిగా అడిగితే పరేల్ అనాలనీ ఆజ్ఞ వేసింది. "అడగనోల్లకు నేనెందుకు చెప్త అత్తా? అడిగినోల్లకు మాత్రం అబద్ధం చెప్ప" అంది చిన్నమ్మ. నేను అప్పుడు దొడ్లో జొన్నలు చెరుగుతున్నాను. బాపమ్మకు జవాబు చెప్పిన మనిషిని చూడడం నాకు అదే మొదటిసారి. చేట చేతిలోనే ఉండిపోయింది.

మా మేనత్త కమలకు సంబంధాలు చూస్తున్న రోజులవి. కమలత్తకు పొగరూ ఎక్కువే, పనీ ఎక్కువే. కొంతం చౌక్ దగ్గర చాలా మగ్గాలున్న ఒక ఇంటి నుంచి పెద్దమనుషులు వచ్చారు. ఆ ఇంటికి పోతే అత్త బతుకు కుదురుకుంటుందని మా వాళ్ళ ఆశ. మగ్గాలు ఆపి, ముందుగది కడిగి, జంపఖానా పరిచారు. ఇల్లంతా నెయ్యి, ఏలకుల వాసన. చిన్నమ్మే శిరా చేసింది, చిన్నమ్మే పళ్ళేలు పట్టుకొచ్చింది. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఆమె మాట విని, "నీ మాట జరా వేరే తీరున్నది. ఏ ఊరు బిడ్డా నీది?" అన్నాడు.

"బొంబాయి. పరేల్" అంది బాపమ్మ, చిన్నమ్మ నోరు విప్పకముందే.

"పరేల్‌ల ఏ గల్లీ? మా దుకానపోల్లు ఆడనే ఉంటరు."

చిన్నమ్మ పళ్ళెం కింద పెట్టింది. బాపమ్మ వైపు ఒకసారి చూసింది. "పరేల్ కాదు కాకా. కామాఠీపురా" అంది.

నోటి దాకా వెళ్ళిన శిరాను పెద్దాయన మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. చిన్నమ్మ తొణకలేదు. "మన తెలుగోల్లనే ఆడ కామాఠీలంటరు. పేటకు ఆ పేరు మనతోటే వచ్చింది. మా నాయిన సముద్రం పూడ్చే కాడ తట్ట మోసిండు. మా అవ్వ గూడ మోసింది" అంది. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "గవన్ని మాకెందుకు బిడ్డా? పేరు పేరే" అన్నాడు. వాళ్ళు మెట్లు దిగి పోతుంటే మా నాయిన వెనకాలే గల్లీ చివరిదాకా వెళ్ళి, ఒక్కడే తిరిగి వచ్చాడు.

కమలత్త లోపలి గదిలో గోడకు తల ఆనించుకుని ఏడ్చింది, ఆ తర్వాత చిన్నమ్మతో మాట్లాడడం మానేసింది. బాపమ్మ అరవలేదు. "రేపటి సంది నా కంచం ముట్టకు" అని ఒక్క మాటంది. మా అమ్మ మధ్యలో పడి నలిగిపోయింది. చిన్నాయన నెమ్మదస్తుడు, భార్య మీద చెయ్యెత్తే రకం కాదు. కాని ఆ సాయంత్రం ఆయన కూడా, "ఒక్క మాట పరేల్ అంటే ఏం పోతుండె?" అన్నాడు.

"మా అవ్వ పోతుండె" అంది చిన్నమ్మ. "నన్ను కని, ఆ గల్లీల తట్ట మోసి సాకింది, ఆ గల్లీలనే సచ్చిపోయింది. నేను పరేల్ల పుట్టిన్నంటే గామె ఏడున్నట్టు?"

చిన్నాయన మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. ఆ పేటలో ఏముందని నేను అమ్మను అడిగితే నెత్తి మీద మొట్టికాయ పడింది. చిన్నమ్మను అడిగితే ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా వయసుకు అందే మాటల్లో చెప్పింది. "కొన్ని గల్లీలల్ల ఆడోల్లను కొనుక్కచ్చి ఉంచిన్రు బిడ్డా. తప్పు కొన్నోల్లది. పేరు మాత్రం ఆల్లకు వడ్డది, పేటకు వడ్డది." ఇంకే పెద్దవాళ్ళూ నాకు అంత సూటిగా జవాబు చెప్పిన గుర్తు లేదు.

చిన్నమ్మ అందరితో కలిసి పనిచేసేది, అందరి తర్వాత తినేది, ఎవరూ అడగకపోయినా సముద్రం కబుర్లు చెప్పేది. తల దించుకుని తిరుగుతుందని మా ఇల్లు ఎదురుచూసింది. ఆమె దించుకోలేదు. అది చూసి బాపమ్మకు మరింత మండేది.

ఇంతలో బాపమ్మ చూపు తగ్గడం మొదలైంది. మొదట ఎవరికీ తెలియనివ్వలేదు. నూలు చిక్కు విప్పేటప్పుడు వేళ్ళతో తడిమేది, రంగులు నన్నడిగి అడగనట్టు మాట మార్చేది. ఎర్ర దారానికి నల్ల దారం ముడివేసిన రోజున పట్టుబడింది. అయినా ఒప్పుకోలేదు, దీపం సరిగా లేదంది. పట్టపగలు దీపమేమిటని నవ్వబోయి నేను ఆపుకున్నాను. ఒక మధ్యాహ్నం నడుస్తూ నడుస్తూ మగ్గం గుంటలో పడిపోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ తిరిగిన ఇంట్లో, తన చేత్తో అలికిన గుంటలో. లేపబోతే అందరి చేతులూ తోసేసింది. డాక్టరు రెండు కళ్ళలోనూ పొర ముదిరిందన్నాడు. ఒక కన్ను మరీ చిక్కుగా ఉంది, బొంబాయి పెద్ద దవాఖానకు తీసుకుపోతే మంచిదన్నాడు.

బొంబాయిలో మాకున్న చుట్టం ఒక్క మల్లయ్య తాతే. ఆ మాట అనడానికి మా నాయినకు ధైర్యం చాలక కొన్ని వారాలు గడిచాయి. అన్నాక బాపమ్మ, "గుడ్డిదాన్నై సస్త గని ఆడ అడుగువెట్ట" అంది. ఆ తర్వాత ఆమె రాట్నం తిప్పలేకపోయింది. పని లేని చేతులతో గోడకు కూర్చున్న బాపమ్మను చూడడం మాకే కష్టంగా ఉండేది. చివరికి ఒక పొద్దున తానే, "ఎవలు తీస్కపోతరు నన్ను?" అని అడిగింది. మగవాళ్ళు మగ్గాలు వదిలి అన్నాళ్ళు ఉండలేరు. "నేను తీస్కపోత" అంది చిన్నమ్మ. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేను బయలుదేరాను.

రైలు దిగినప్పుడు బాపమ్మ కొంగు ముఖం మీదికి లాగేసుకుంది, ఎవరైనా షోలాపూర్ మనిషి చూస్తాడేమోనని. స్టేషన్లో గడియారం ఒక టైము చూపించింది. బయటికి వచ్చి కొంతదూరం పోయాక ఇంకో గోపురం మీది గడియారం అంతకంటే బాగా వెనకబడి ఉంది. నేను ఆశ్చర్యపోయి గట్టిగా అన్నాను. రైళ్ళు సర్కారు టైముతో నడుస్తాయి, ఊరు మాత్రం తన పాత టైమును వదలనని పట్టుబట్టింది, అందుకే ఇక్కడ రెండు టైములు, అని చిన్నమ్మ చెప్పింది.

కొంగు లోపల నుంచి బాపమ్మ అంది: "గీ ఊరు నీ లెక్కనే ఉన్నది."

మల్లయ్య తాత గది కామాఠీపురాలోని ఒక చాల్‌లో, అంటే వరసగదుల మేడలో, చెక్క మెట్లు ఎక్కాక ఉంది. గల్లీ మొదట్లోనే నల్లా దగ్గర ఆడవాళ్ళు బిందెల కోసం తిట్టుకుంటున్నారు, మా తెలుగులో. మా గల్లీలో తిట్టుకునే తిట్లే. బాపమ్మ అక్కడే ఆగిపోయి కాసేపు విన్నది. "ఏ ఊరవ్వా మీది?" అని ఎవరో అడిగారు. మా పాత ఊరి పేరు చెబితే, అటుపక్క ఊరు తమదంటూ లింగవ్వ అనే పొరుగావిడ బాపమ్మ చెయ్యి అందుకుంది. ఆ చెయ్యి దవాఖాన నుంచి వచ్చేదాకా మమ్మల్ని వదల్లేదు. మాకు రోజూ రొట్టెలు ఆ ఇంటి నుంచే వచ్చేవి.

ఆపరేషన్ అయ్యాక బాపమ్మ రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టారు. దగ్గకూడదు, నవ్వకూడదు. జీవితంలో ఒక్క పూట ఊరికే పడుకోని మనిషి చీకట్లో మేకు కొట్టినట్టు పడి ఉంది. మాటిమాటికీ, "ఉన్నవానే?" అని అడిగేది. "ఉన్నత్తా" అనేది చిన్నమ్మ. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది చిన్నమ్మే. కంచం ముట్టొద్దన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

ఒక రోజు దూరంగా పెద్ద కూత వినిపించింది. "భోంగా అయ్యిందా? షిఫ్టు మారిందా?" అంది బాపమ్మ.

"భోంగా కాదత్తా. ఓడ."

"ఏమేసుకచ్చింది ఓడ?"

అప్పుడు మొదలుపెట్టింది చిన్నమ్మ. రేవులో మూటలు మోసే హమాలీల పాటలు, హజ్ యాత్రకు పోయేవాళ్ళు ఓడ ఎక్కేటప్పుడు వాళ్ళ చుట్టాల ఏడుపులు, సూర్యుడు దిగే వేళ సముద్రం వైపు నిలబడి ప్రార్థన చేసే పార్సీ ముసలాళ్ళు, రాళ్ళ మీద కన్నుకొట్టినట్టు వెలిగి ఆరే దీపస్తంభం, తాళ్ళ మీద చేపలు ఎండేసి ఆ కంపుకు మనం ముక్కు మూసుకుంటే మన గంజి వాసనకు తాము ముక్కు మూసుకునే కోలీ ఆడవాళ్ళు. "నవ్వియ్యకే, నవ్వద్దన్నరు" అంటూ బాపమ్మ పెదాలు బిగబట్టేది. మా ఇంట్లో గప్పాలని తోసేసినవన్నీ ఇక్కడ మళ్ళీ చెప్పించుకుంది. ఒక మధ్యాహ్నం, "ఆ ఆడోల్లు ఏడుంటరు?" అని అడిగింది. చిన్నమ్మ అరచేత్తో ఆమె దుప్పటి సర్దింది.

"మా గల్లీ దాటినంక. మా అవ్వ సచ్చిన నాడు మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. మాకు బువ్వ పంపింది గా గల్లీకెళ్ళే" అంది.

బాపమ్మ చెయ్యి మంచం అంచు మీద తడుముతూ పోయి, చిన్నమ్మ మోకాలి మీద ఆగింది.

కట్టు విప్పి, సీసా అడుగంత మందమున్న అద్దాలు పెట్టారు. తిరిగి రావడానికి ముందు మల్లయ్య తాత మమ్మల్ని సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. ఆయన కొంచెం కుంటేవాడు, రాయి పడిందట పనిలో. విశాలమైన రోడ్డు, వరసగా కొత్త మేడలు, వాటి ముందు గోడ, గోడ అవతల నీళ్ళు. ఆ నీళ్ళను మొదటిసారి చూసి నేనేమన్నానో నాకు గుర్తు లేదు. బాపమ్మ మాత్రం నీళ్ళను చూడడం లేదు, కింద నేలను చూస్తోంది.

"గిది నువ్వు పోసిన మన్నేనా తమ్ముడా?"

"నేనొక్కన్ని పోసిన్నా అక్కా? ఎందరో పోసిన్రు. నా తట్ట ఏడ వడ్డదో నాకే ఎరుక లేదు. ఆడోల్లు కొంగుల పోరగాండ్లను కట్టుకోని మోసిన్రు."

"మేడల మీద పేర్లు ఎవలయి?"

ఆయన నవ్వాడు. "మనయి కావు."

మేం చూస్తుండగానే నీళ్ళు వెనక్కి తగ్గి, రాళ్ళ పాదాలు బయటపడ్డాయి. బాపమ్మ ఆ అద్దాల్లోంచి చాలాసేపు చూసింది. చిన్నమ్మ పక్కనే ఉంది, చూశావా అనలేదు. అలా అనే అవకాశం దొరికితే ఎంతమంది ఎంత సంతోషపడతారో నాకు తెలుసు. ఆమె కొంగు సర్దుకుని నిలబడి ఉండిపోయింది, అంతే.

షోలాపూర్ చేరిన రోజున బాపమ్మ స్నానం చేసి వచ్చి, కంచం తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టి, "అన్నం పెట్టు" అంది. క్షమించమనలేదు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అలా అనరు. కాని ఆ వారమే రాట్నాల దగ్గర కూర్చుని, సముద్రం వెనక్కి పోవడాన్ని తానే కనిపెట్టినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "నా కండ్లతోటి చూసిన" అని అద్దాలు వేలితో కొట్టి చూపించేది. ముసలామెకు కూడా గప్పాలు అంటుకున్నాయని గల్లీవాళ్ళు అన్నారు. ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

లింగవ్వ అక్క కొడుకొకడు ఆ గల్లీలోనే ఉంటూ మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. దవాఖానకు మా కోసం రొట్టెలు మోసుకొచ్చింది అతనే. బాపమ్మకు ఆ పిల్లవాడి నడవడి నచ్చింది. సంబంధం మాట ఎత్తినప్పుడు, చాలా రోజులుగా చిన్నమ్మతో మాట్లాడని కమలత్త లేచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"వదినా, ఖరె చెప్పు. ఎసొంటోడు?"

"కోపం జల్ది వస్తది, జల్ది పోతది. తాగడు. తల్లిని మంచిగ చూస్తడు."

"నేనాడ ఉండగల్తనా?"

"నోరున్నది గద నీకు. ఉంటవ్" అంది చిన్నమ్మ. ఇద్దరూ నవ్వారు.

ఇప్పుడు మా వాళ్ళ ఇళ్ళల్లో మగ్గం గుంటలు లేవు. పూడ్చేసి పాలిష్ రాళ్ళు పరిచారు. సభల్లో లేచి మన తెలుగువాళ్ళే బొంబాయిని కట్టారని చెబుతారు, చప్పట్లు కొడతారు. కట్టినవాళ్ళు ఏ పేటలో పడుకున్నారో, ఆ పేటకు ఎవరి పేరు వచ్చిందో మాత్రం చెప్పరు. చెబితే ఆడపిల్లలు చెడిపోతారట. నేను ఆడపిల్లగానే విన్నాను. ఆ మాట విన్నందుకే మనిషిని పేటతో కొలవడం నాకు చేతకాకుండా పోయింది. అదేమైనా లోపమైతే, ఉండనీ. మా బాపమ్మకు అక్షరం రాదు. చూపు వచ్చాక ఆమె చూడగలిగినంత, ఇన్ని చదువులు చదివిన మావాళ్ళు ఎందుకు చూడలేకపోతున్నారో నాకు అర్థం కాదు. అర్థమైనట్టు నటించే ఓపిక కూడా ఇక లేదు.

కమలత్త పెళ్ళి జోడ్‌భావి పేట్‌లో, మా గల్లీలోనే పందిరి వేసి చేశారు. పడుగులు చాచే చోట పొడుగునా చాపలు పరిచారు. బొంబాయి నుంచి మల్లయ్య తాత, లింగవ్వ, ఇంకా ఒక బండి నిండా జనం వచ్చారు. మా కులపెద్దలూ వచ్చారు, కొంతం చౌక్ పెద్దాయనతో సహా. పురోహితుడు పెళ్ళికొడుకు గోత్రం, తాత పేరు, తండ్రి పేరు చదివి, ఊరు దగ్గరికి వచ్చేసరికి "ముంబాపురి వాస్తవ్యులు" అని గబగబా దాటబోయాడు. ఎవరో ముందే చెప్పి ఉంచారు.

"జరా ఆగు అయ్యగారూ" అంది బాపమ్మ. "పిల్ల పేట చెప్పినవ్. పిల్లగాని పేట గూడ చెప్పు."

పురోహితుడు మా నాయిన వైపు చూశాడు. మా నాయిన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన, జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, "చెప్పుండ్రి" అన్నాడు. చిన్నమ్మ పెళ్ళికూతురి వెనక నిలబడి ఉంది. ఆమె ముఖం నేను చూశాను. పెదవి కొరికి పట్టుకుంది.

"కామాఠీపుర వాస్తవ్యులు" అన్నాడు పురోహితుడు.

"ఎనకాలోల్లకు ఇనవడలే" అంది బాపమ్మ.

ఆయన ఈసారి గొంతెత్తి చెప్పాడు. పందిట్లో గుసగుస లేచింది. కొంతం చౌక్ పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ఆయన వెంట ఇంకొందరు లేచారు. బాపమ్మ ఆ మందపాటి అద్దాలు సర్దుకుని, వాళ్ళను ఒక్కొక్కరినే చూసింది.

"లేసినోల్లు చెప్పులేస్కోని పోవచ్చు. కూసున్నోల్లకు అన్నం పెడ్తరు" అంది.

కొందరు పోయారు. అయినా అన్నం మిగల్లేదు.